అధ్యాయం 9: పాతదా, ముక్కినదా?

మా నాన్న బియ్యం కొట్టుకి వెళ్తే బస్తా మీద ఏం రాసుందో చదివేవారు కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగునుంచి గుప్పెడు తీసి, ముందు వాసన చూసేవారు. తర్వాత రెండు గింజలు ముందుపళ్ళ మధ్య పెట్టి కొరికేవారు. టక్కుమంటే పాతవి. పిండిలా నలిగితే కొత్తవి. కొట్టాయన "రెండేళ్ళ పాతవండీ" అని ఎన్నిసార్లు చెప్పినా ఆ టక్కు వినపడాల్సిందే. ఒకసారి గింజ గట్టిగానే పలికింది. అయినా గుప్పెడు బియ్యం తిరిగి బస్తాలో పోసేశారు. "పాతవే, కానీ ముక్కాయి" అన్నారు.

పాతబడటానికీ ముక్కిపోవడానికీ తేడా నాకు ఒంటపట్టడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. అది నేర్పింది స్కాచ్.

ముందే ఒక మాట. మందు అలవాటు లేనివాళ్ళు ఈ అధ్యాయం కోసం మొదలుపెట్టక్కర్లేదు. ఇందులో చెప్పే పద్ధతి తేనెకీ, నెయ్యికీ, కాఫీపొడికీ కూడా పనికొస్తుంది. అలవాటున్నవాళ్ళకి రెండు షరతులు: మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండి ఉండాలి, రుచి చూసే రోజు బండి తాళం ఇంకొకరి దగ్గర ఉండాలి.

మూడు గ్లాసుల రాత్రి

మా బావ న్యూజెర్సీలో ఉంటాడు. రెండేళ్ళకోసారి వస్తాడు. మనిషికి రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు కాబట్టి డ్యూటీ ఫ్రీ సంచీ లేకుండా ఎప్పుడూ దిగడు. ఆ రాత్రి డాబా మీద కూర్చుని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. పన్నెండేళ్ళదానికీ ఇరవయ్యొక్కేళ్ళదానికీ తేడా నాలిక మీద పెట్టగానే తెలిసిపోతుందన్నాను. బావ ఏమీ అనలేదు. కిందికి వెళ్ళి మూడు గ్లాసులతో వచ్చాడు. ఒక్కో గ్లాసు కింద గోడ క్యాలెండర్‌లోంచి చింపిన చీటీ ముక్క, మడతపెట్టి.

మొదటిది "పర్లేదు" అన్నాను. రెండోది "నీళ్ళు నీళ్ళుగా ఉంది" అన్నాను. మూడోది తాగి, కళ్ళు మూసుకుని, "ఇదీ వయసంటే. ఇదే ఇరవై ఒకటి" అన్నాను.

"అయిందా బావా, నీ ఉపన్యాసం?" అంటూ చీటీలు విప్పాడు. మొదటిది పన్నెండేళ్ళ స్కాచ్. నీళ్ళగా ఉందన్నది ఇరవయ్యొక్కేళ్ళది. నేను కళ్ళు మూసుకుని పొగిడింది బెంగళూరులో తయారైన సింగిల్ మాల్ట్, దాని సీసా మీద వయసన్నదే లేదు.

ఆ ఇరవై ఒకటి నీళ్ళలా ఎందుకుందో తర్వాత తెలిసింది. అది కిందటిసారి తెచ్చి, సగం తాగి, వాళ్ళమ్మగారింట్లో బీరువాలో పెట్టి వెళ్ళిన సీసా. రెండేళ్ళపాటు లోపల సగం గాలే ఉంది. తెరిచిన సీసాలో మందు తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది, వాసనలు చచ్చిపోతూ ఉంటాయి. పైగా అది నింపిందే 40 శాతం ఆల్కహాల్‌తో, బెంగళూరుది 46 శాతం.

ఇందులో నా నాలిక తప్పేమీ లేదు. అది మూడు గ్లాసుల గురించీ నిజమే చెప్పింది. తప్పంతా నా లెక్కది: బాగున్నది పాతదే అయి ఉండాలనుకున్నాను.

ఈ బోల్తా నా ఒక్కడిదే కాదు. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి తాగించారు. 90 అన్నప్పుడు ఎక్కువ నచ్చిందన్నారు, మెదడు స్కాన్‌లో కూడా ఆనందానికి సంబంధించిన భాగం ఎక్కువగా స్పందించింది. అంటే వాళ్ళు అబద్ధం ఆడలేదు, ధర వినగానే వాళ్ళకి నిజంగానే బాగుంది. అందుకే ఈ అధ్యాయంలో నియమం ఒక్కటే: ముందు రుచి, తర్వాత అంకె. వరస తప్పితే తీర్పు తప్పుతుంది.

అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

అంకెని పక్కన పెట్టాలంటే ముందు అదేమిటో తెలియాలి. సింగిల్ మాల్ట్ స్కాచ్ అంటే స్కాట్లాండ్‌లోని ఒకే ఒక డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసి, బట్టీల్లో కాచి, 700 లీటర్లకి మించని ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు అక్కడే ఊరబెట్టినది. సీసాలో నింపేటప్పుడు 40 శాతానికి తగ్గకూడదు. నీళ్ళూ, రంగు కోసం కారమెల్ తప్ప ఇంకేమీ కలపకూడదు. ఇదంతా 2009 నాటి బ్రిటన్ చట్టం.

సీసా మీద 18 అని ఉంటే, అందులో కలిపిన పీపాలన్నిట్లో అతి చిన్నదాని వయసు 18 అని అర్థం. ముప్ఫయ్యేళ్ళ పీపాలు తొంభై తొమ్మిది పాళ్ళు పోసి, పదేళ్ళది ఒక్క పాలు కలిపినా 10 అనే రాయాలి. వయసు లెక్క పీపాలో ఉన్నంతవరకే. గాజులోకి దిగాక ఇక పెరగదు. పెళ్ళికి కొన్న పన్నెండేళ్ళ సీసా షష్టిపూర్తికి తెరిచినా పన్నెండేళ్ళదే.

రంగు చూసి మోసపోకండి. బట్టీ నుంచి దిగినప్పుడు అది నీళ్ళలా తెల్లగా ఉంటుంది, రంగంతా పీపా ఇచ్చేది. కానీ కారమెల్ కలపడానికి అనుమతి ఉంది కాబట్టి తేనె రంగు, టేకు రంగు దేనికీ సాక్ష్యం కావు. సీసా మీద "సహజమైన రంగు" అని ఉంటే అది నమ్మదగ్గ మాట.

పాతదానికి అంత ధర ఎందుకంటే

పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. స్కాట్లాండ్‌లో అది దాదాపు 2 శాతం. దాన్ని వాళ్ళు దేవదూతల వాటా అంటారు. 200 లీటర్ల పీపా తీసుకుని లెక్క వేయండి. 12 ఏళ్ళకి సుమారు 157 లీటర్లు మిగులుతుంది. 18 ఏళ్ళకి 139. 30 ఏళ్ళకి 109. మిగిలిన దానికే పోయినదాని ఖరీదూ, గోడౌను అద్దే, ఇన్నేళ్ళు ఇరుక్కుపోయిన డబ్బుకి వడ్డీ అన్నీ వేసుకోవాలి. కాబట్టి పాతదానికి ఎక్కువ ధర ఉండటం న్యాయమే. ఆ ఎక్కువ ధరంతా రుచిలో కూడా ఉంటుందనుకోవడమే మన పొరపాటు.

బెంగళూరు ఎండకి ఆవిరి ఏటా 10 నుంచి 12 శాతం. 200 లీటర్ల పీపా ఐదేళ్ళకే 112 లీటర్లకి వస్తుంది. స్కాట్లాండ్‌లో ముప్ఫయ్యేళ్ళకి పోయేది అక్కడ ఐదేళ్ళకే పోతుందన్నమాట. మందు పీపాతో కలిసిపోయే వేగమూ ఎక్కువే. అంతమాత్రాన ఐదు ముప్ఫైతో సమానమని కాదు, ఒక ఊరి వయసుని ఇంకో ఊరి కొలతతో కొలవలేమని. బెంగళూరు అమృత్ వాళ్ళు 2004లో తమ సింగిల్ మాల్ట్‌ని మొదట గ్లాస్గోలోనే విడుదల చేశారు. 2010లో విస్కీ విమర్శకుడు జిమ్ మరే తన పుస్తకంలో వాళ్ళ ఫ్యూజన్‌ని ప్రపంచంలో మూడో మేటి విస్కీగా రాశాడు. డాబా మీద నేను బోల్తా పడ్డది అంత ఆశ్చర్యమేం కాదు.

ఇక ముక్కిపోవడం సంగతి. పీపా మంచి చేసేది కొంతకాలమే. ఆ తర్వాత చెక్క మందుని మింగేస్తుంది. వగరు, చేదు, నోరు పిడచకట్టడం, బార్లీ తీపి జాడే లేకపోవడం దాని గుర్తులు. స్కాట్లాండ్ తేమలో ఆల్కహాల్ శాతం కూడా ఏటా దిగుతుంది. అది 40 కిందికి పడితే చట్టప్రకారం ఆ మందు స్కాచే కాదు. అందుకే మంచి పీపా ఎప్పుడు ఖాళీ చెయ్యాలో తెలిసినవాడే అక్కడ అసలు పనివాడు.

రుచి చూసే వరస

1. గ్లాసు. వెడల్పు మూతి గ్లాసూ, గుప్పెడు ఐసూ రెండూ వాసనకి శత్రువులే. పొట్ట ఉబ్బుగా, మూతి ఇరుకుగా ఉండేది కావాలి. 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు దీనికోసమే చేసింది. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. పోయాల్సింది 15 మిల్లీలీటర్లు, అంటే చిన్న పెగ్గులో సగం. పోసి పది నిమిషాలు వదిలేయండి.

2. ముక్కు. గ్లాసు గడ్డం దగ్గర పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మెల్లగా పైకి తెండి. ముక్కు లోపల పెట్టి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ ఘాటుకి ముక్కు మొద్దుబారిపోతుంది. మూడు చిన్న పీల్పులు, ఒక విరామం. ముక్కు అలిసిపోతే మీ చొక్కా చేతిని వాసన చూడండి, మళ్ళీ దారికి వస్తుంది.

3. మొదటి గుక్క లెక్కలోకి రాదు. అది నోటికి పరిచయం మాత్రమే. రెండోదాన్ని నాలిక మీద నాలుగైదు సెకన్లు తిప్పి మింగండి. తీపి ముందొచ్చిందా, ఘాటు ముందొచ్చిందా? నూనెలా పట్టుకుందా, నీళ్ళలా జారిపోయిందా?

4. నాలుగు చుక్కల నీళ్ళు. నీళ్ళు కలిపితే నామోషీ అనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. అసలు స్కాట్లాండ్‌లో పీపాలు కలిపే నిపుణులు 20 శాతానికి పల్చన చేసే వాసన చూస్తారు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇద్దరు దీనికి కారణం కంప్యూటర్ లెక్కల్లో చూపించారు. పొగ వాసన ఇచ్చే గ్వయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ 45 శాతానికి మించనప్పుడు పైపొరకి చేరుకుంటుంది, అంతకంటే చాలా ఎక్కువున్నప్పుడు లోపల కలిసిపోతుంది. మీరు వాసన చూసేది ఆ పైపొరనే. కాబట్టి డ్రాపర్‌తో చుక్క చుక్కగా పోయండి, చుక్కచుక్కకీ మళ్ళీ వాసన చూడండి.

5. వెనక రుచి. మింగాక గడియారం చూడండి. అర నిమిషంలో ఏమీ మిగలకపోతే సీసా మీద ఎంత పెద్ద అంకె ఉన్నా అది పల్చటి మందే. రెండు నిమిషాల తర్వాత కూడా రుచి మారుతూ ఉంటే కాగితం మీద రాసుకోండి.

6. ఖాళీ గ్లాసు. కడక్కుండా రాత్రంతా వదిలేసి పొద్దున వాసన చూడండి. ఆల్కహాల్ పోయాక మిగిలేది పీపా, పొగ, పాకం. చెడ్డ పీపా అయితే తడి అట్టముక్క వాసనొస్తుంది.

వాసనలకి మన పేర్లు పెట్టండి

విదేశీ పుస్తకాల్లోని వర్ణనలు చదివి, ఎన్నడూ తినని పళ్ళ పేర్లు అప్పజెప్పడంవల్ల మన ముక్కుకి ఏ లాభమూ లేదు. మనకి వంటిల్లు ఉంది. ఓక్ చెక్కలో ఉండే యూజెనాల్ లవంగంలో ఉన్నదే. అమెరికా ఓక్‌లోని లాక్టోన్ ఎండు కొబ్బరి వాసనొస్తుంది. బోర్బన్ విస్కీని కొత్త పీపాల్లోనే ఊరబెట్టాలని అమెరికా చట్టం, ఒకసారి వాడిన ఆ పీపాలే అట్లాంటిక్ దాటి స్కాట్లాండ్‌కి వస్తాయి. అందుకే చాలా సింగిల్ మాల్టుల్లో వెనిలా, కొబ్బరి, పాకం వాసనలు. స్పెయిన్ షెర్రీ ఊరిన పీపాల్లోనిదైతే ఖర్జూరం, కిస్‌మిస్, అంజీరు. ఐలా ద్వీపం మాల్టుల్లో చాలావాటికి పొగ ఉంటుంది, ఎందుకంటే బార్లీని ఆరబెట్టేటప్పుడు బొగ్గుకి ముందు దశలో ఉండే పీట్ మట్టిని కాలుస్తారు. కొందరికి అది కట్టెల పొయ్యి, కొందరికి టించర్ పూసిన ఆసుపత్రి. రెండూ సరైనవే. కాల్చిన అగ్గిపుల్ల వాసన వస్తే మాత్రం గంధకం మిగిలిందని గుర్తు.

ఒకే సీసాకి మూడు విలువలు

రుచి రాసుకున్నాక అప్పుడు సీసా తిప్పి అంకె చూడండి. ధర చూడండి. ఈ మూడింటినీ వేరుచేసి తూచండి.

నాలిక విలువ. సీసా ధరని పెగ్గులతో భాగించండి. 750 మిల్లీలీటర్లదైతే 25 చిన్న పెగ్గులు, డ్యూటీ ఫ్రీ లీటరు సీసాలో 33. పదిహేను వేల సీసా అంటే పెగ్గు ఆరువందలు. "ఈ గ్లాసుకి ఆరువందలు పెడతానా?" అని అడగండి. సీసా ముందు కూర్చుని పదిహేనువేలంటే గౌరవం కలుగుతుంది, గ్లాసు ముందు కూర్చుని ఆరువందలంటే ఆలోచన కలుగుతుంది. ఇంకో సంగతి, మన కొట్టు ధరలో స్కాట్లాండ్ వాటా కొంతే. 2025 నాటికి ఎన్నో ఏళ్ళుగా దిగుమతి సుంకమే 150 శాతం ఉండేది, ఆ పైన రాష్ట్రం పన్ను. 2025 జూలైలో భారత్, బ్రిటన్ సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఆ సుంకం ముందు 75కి, పదేళ్ళలో 40కి దిగాలి. ప్రభుత్వానికి కట్టే ముక్కని రుచి ఖాతాలో వేయకండి.

కొరత విలువ. బ్రోరా, పోర్ట్ ఎలెన్ డిస్టిలరీలు 1983లో మూతపడ్డాయి. కారణం రుచి లోపం కాదు, అప్పటికి స్కాట్లాండ్‌లో మందు మరీ ఎక్కువై గోడౌన్లు నిండిపోయాయి. మూతపడ్డాక మిగిలిన పీపాలకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. బ్రోరా 2021లో, పోర్ట్ ఎలెన్ 2024లో మళ్ళీ మొదలయ్యాయి. 1926లో కాచిన మెకాలన్ పీపా ఒకటి అరవై ఏళ్ళ తర్వాత 1986లో 40 సీసాలైంది. 2023 నవంబరులో లండన్ వేలంలో వాటిలో ఒక్క సీసా 21 లక్షల పౌండ్లు దాటింది. అది చరిత్రకి కట్టిన ధర, నాలికకి సంబంధం లేదు.

గొప్పల విలువ. చెక్కపెట్టె, చెక్కుడు గాజు సీసా, ఎదుటివాడి కళ్ళలో మెరుపు. పెద్దాయన షష్టిపూర్తికి కానుక ఇస్తుంటే ఇదీ లెక్కలోకి తీసుకోవచ్చు, తప్పులేదు. మీకోసం కొనుక్కుంటూ దీనికి డబ్బు పోస్తే మాత్రం మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

కొరత సీసా కొని దాస్తే లాభానికి అమ్ముకోవచ్చని ఎవరైనా చెబితే ఒక్కటి గుర్తుంచుకోండి: లైసెన్సు లేకుండా మందు అమ్మడం మన దగ్గర నేరం. బీరువాలోని సీసా ఆస్తి కాదు. మనలాంటివాళ్ళకి దక్కేది నాలిక విలువ ఒక్కటే.

అంకె అబద్ధమైతే

2017లో స్విట్జర్లాండ్‌లోని ఒక హోటల్ బార్‌లో చైనా నుంచి వచ్చిన అతిథి 1878 నాటి మెకాలన్ అని చెప్పిన సీసాలోంచి ఒక్క గ్లాసుకి దాదాపు 10,000 స్విస్ ఫ్రాంకులు చెల్లించాడు. ఫొటోలు బయటికొచ్చాక నిపుణులకి అనుమానం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో కార్బన్ పరీక్ష చేస్తే 1970–72 మధ్య తయారైందని 95 శాతం నమ్మకంతో తేలింది. అది సింగిల్ మాల్ట్ కూడా కాదు, ధాన్యపు విస్కీ కలిపిన బ్లెండ్. హోటలాయన చైనా వెళ్ళి డబ్బు తిరిగిచ్చాడు. ఈ పరీక్ష సూత్రం సులువు: 1950, 60ల్లో జరిగిన అణు పరీక్షలు గాలిలో కార్బన్-14ని బాగా పెంచాయి. ఆ తర్వాత పండిన బార్లీ ప్రతి గింజలోనూ ఆ గుర్తు ఉంటుంది. 2018లో స్కాట్లాండ్ ప్రయోగశాలలో అరుదైనవని చెప్పిన 55 సీసాలు పరీక్షిస్తే 21 నకిలీవి, లేదా చెప్పిన ఏడాదివి కావు.

మనకి ప్రయోగశాల లేదు. "తెలిసినాయన ద్వారా, సగం ధరకి" వచ్చే సీసాని వద్దనడమే మన పరీక్ష.

ఈ వారం సాధన

ఇద్దరు స్నేహితులు, మూడు సీసాలు చాలు. ఒకరు లోపల పోసి, గ్లాసుల కింద చీటీలు పెట్టాలి. తాగేవాళ్ళు ఒక్కో గ్లాసుకి ఐదు ప్రశ్నలకి జవాబు రాయాలి: వాసన ఎన్ని మాటల్లో చెప్పగలిగాను? నోట్లో నిండుగా ఉందా? నీటి చుక్కకి విప్పారిందా, విరిగిందా? వెనక రుచి ఎన్ని సెకన్లు? ఈ పెగ్గుకి నేనిచ్చే ధర ఎంత? అన్నీ రాశాకే చీటీలు విప్పాలి. మీరు రాసిన ధరకీ అసలు ధరకీ మధ్య తేడా కింద గీత గీయండి. నాలుగు వారాలు చేస్తే, మీరు దేనికి డబ్బు పెడుతున్నారో ఆ గీతలే చెబుతాయి. తెరిచిన సీసా సగానికి దిగితే చిన్న సీసాలోకి మార్చండి, ఎండ తగలకుండా నిలబెట్టి ఉంచండి. పడుకోబెడితే బిరడా నానిపోతుంది.

ఆ డాబా రాత్రి తర్వాత పొద్దున, కడగడానికి గ్లాసులు తీస్తూ మా ఆవిడ మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేంటి, ఎండు కొబ్బరి వాసనొస్తోంది?" అంది. రాత్రి అంతసేపు మాట్లాడిన నాకు ఆ కొబ్బరి తట్టనే లేదు. ఏ గ్లాసులో ఏముందో తనకి తెలీదు. చీటీలు అప్పటికే చెత్తబుట్టలో ఉన్నాయి.